కింగ్ కౌంటీ నుంచి కలుపు మొక్కల నోటీసు వస్తే ఏం చేయాలి?

వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్ ఉన్నది కింగ్ కౌంటీలోనే. అక్కడ సమామిష్‌లోనో, రెడ్‌మండ్‌లోనో, బాథెల్‌లోనో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకి కౌంటీ అంటే ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 30కీ అక్టోబర్ 31కీ, ఆస్తి పన్ను కట్టించుకునే ఆఫీసు. అంతకుమించి దాంతో పెద్దగా పని పడదు. అలాంటిది ఏ వేసవిలోనో 'మీ స్థలంలో నియంత్రించాల్సిన కలుపు మొక్క ఉంది, ఫలానా తేదీలోగా తీసేయండి' అని ఉత్తరం వచ్చిందంటే టెన్షన్ మొదలవుతుంది. కంగారుపడాల్సింది లేదు. ఉత్తరాన్ని పట్టించుకోకుండా పక్కన పడేస్తేనే ఇబ్బంది.

1. ముందు, ఎవరు రాశారో చూడండి

గడ్డి పెరిగిందనీ, లాన్‌లో డాండెలియన్ అనే పసుపు పూలు కనిపిస్తున్నాయనీ వచ్చేది సాధారణంగా మీ కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉత్తరం. డాండెలియన్‌తో కౌంటీకి పనిలేదు, అది వాషింగ్టన్ రాష్ట్ర కలుపు జాబితాలోనే లేదు. కౌంటీ కలుపు విభాగం రాసిన ఉత్తరం వెనక మాత్రం రాష్ట్ర చట్టం ఉంది. వాషింగ్టన్ చట్టాల్లో 17.10 అధ్యాయం ప్రకారం, జాబితాలో ఉన్న మొక్కను అదుపు చేయాల్సిన బాధ్యత స్థలం యజమానిదే. మనం నాటామా, గాలికి వచ్చి పడిందా అన్నది లెక్కలోకి రాదు. సిటీ పరిధిలో ఉన్నాం కదా అన్న మాట కూడా పనిచేయదు. కింగ్ కౌంటీలో ఉన్న 39 నగరాలకీ ఇది వర్తిస్తుంది.

బాథెల్ వాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఆ ఊరు సగం కింగ్ కౌంటీలో, సగం స్నోహోమిష్ కౌంటీలో ఉంది. రెండు కౌంటీలకీ వేర్వేరు కలుపు బోర్డులు, వేర్వేరు జాబితాలు. కాబట్టి అవతలి కౌంటీలో ఉన్న స్నేహితుడు తీయకుండా వదిలేసిన మొక్కనే మీరు తీయాల్సి రావచ్చు. మీ ఇల్లు ఎటువైపు ఉందో ఆస్తి పన్ను బిల్లు చూస్తే తెలిసిపోతుంది. కింగ్ కౌంటీ బిల్లులో కలుపు నియంత్రణ పేరుతో ఒక చిన్న మొత్తం కూడా ఉంటుంది. అంటే ఆ విభాగం సేవలకి మీరు ఇప్పటికే డబ్బు కడుతున్నారన్నమాట. వాడుకోండి.

2. మొక్క ఏ తరగతిలో ఉందో తెలుసుకోండి

రాష్ట్రం ఈ మొక్కల్ని ఎ, బి, సి అని మూడు తరగతులుగా పెట్టింది. ఎ తరగతివి ఇంకా అరుదు. రాష్ట్రంలో ఎక్కడ కనిపించినా వేళ్లతో సహా పోవాల్సిందే. బి తరగతివి కొన్ని ప్రాంతాల్లో పాకిపోయాయి, కొన్నిచోట్ల ఇంకా పెద్దగా లేవు. అలాంటిచోట కనిపిస్తే తీయడం తప్పనిసరి. సి తరగతివి అంతటా ఉన్నాయి, వాటిలో ఏవి తీయాలో కౌంటీ బోర్డు ఎంచుకుంటుంది. వేసవిలో అందరూ పండ్లు కోసుకునే హిమాలయన్ బ్లాక్‌బెర్రీ కూడా సి తరగతి కలుపే. అయినా అది ఉన్నందుకు కింగ్ కౌంటీ నోటీసు పంపదు. జాబితాలో ఉన్న ప్రతిదాన్నీ తీయక్కర్లేదు, 'నియంత్రణ తప్పనిసరి' అని ఉన్నవే తీయాలి.

3. ఏ మొక్కో తేలేదాకా చెయ్యి పెట్టకండి

మొత్తం మొక్క, ఆకు, కాండం, పువ్వు, నాలుగూ విడివిడిగా కనిపించేలా ఫోటోలు తీసి కౌంటీ కలుపు నిపుణులకి పంపండి. గుర్తుపట్టి చెప్పడానికి, సలహా ఇవ్వడానికి డబ్బు తీసుకోరు. అవసరమైతే వచ్చి చూస్తారు కూడా.

ఈ అడుగు మీద గట్టిగా చెప్పడానికి కారణం రెండు మొక్కలు.

మొదటిది పాయిజన్ హెమ్‌లాక్. కొత్తిమీర, క్యారెట్ల కుటుంబానికే చెందింది. లేతగా ఉన్నప్పుడు ఆకు చూస్తే క్యారెట్ ఆకో, కొత్తిమీర జాతిదో అనిపిస్తుంది. కాలువ గట్ల మీద, నడకదారుల పక్కన, ఖాళీ స్థలాల్లో గుబురుగా పెరుగుతుంది. వేరు నుంచి గింజ దాకా అన్నీ విషమే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు పొద్దున్నే నడకకి వెళ్లి, ఊళ్లో అలవాటు కొద్దీ దారిలో కనిపించిన ఆకుకూర తెంపుకొస్తుంటారు. వాళ్లు వచ్చిన వారంలోనే ఈ మొక్కను చూపించి చెప్పండి. గుర్తు కాండం మీద ఉంటుంది: నున్నగా, నూగు లేకుండా, ఊదారంగు మచ్చలతో ఉంటే అదే. అడవి క్యారెట్ కాండానికి నూగు ఉంటుంది. ఆకు నలిపి వాసన చూసి తేల్చుకుందామనుకోవద్దు. పొరపాటున ఎవరైనా తింటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా పాయిజన్ సెంటర్‌కి 1-800-222-1222 నంబర్‌లో ఫోన్ చేయండి. ఊపిరి ఇబ్బందిగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా నేరుగా 911.

రెండోది జెయింట్ హాగ్‌వీడ్, ఎ తరగతి. పది పదిహేను అడుగులు ఎదుగుతుంది, పైన గొడుగుల్లాంటి తెల్లటి పూలగుత్తులు. దాని రసం చర్మానికి తగిలి, ఆపైన ఎండ పడితే కాలినట్టు బొబ్బలు లేస్తాయి. తగిలితే వెంటనే సబ్బుతో కడుక్కుని, రెండు రోజులు ఆ చోట ఎండ పడకుండా చూసుకోండి. దీన్ని సొంతంగా నరికే పని పెట్టుకోవద్దు, కౌంటీకి చెప్పండి.

4. గింజ కట్టకముందే పీకండి

కౌంటీ శివార్లలో, ముఖ్యంగా గుర్రాలూ ఆవులూ మేసే చోట్ల తరచూ కనిపించేది టాన్సీ రాగ్‌వర్ట్. బి తరగతి. పశువులు తింటే కాలేయం దెబ్బతింటుంది. ఎండుగడ్డిలో కలిసినా ఆ విషం పోదు. మొదటి ఏడాది నేలకి అంటుకుని ముడతల ఆకులతో ఉంటుంది, రెండో ఏడాది నిలువుగా లేచి జూలై ప్రాంతంలో పసుపు పూలు పూస్తుంది. ఒక్క మొక్క లక్షకు పైగా గింజలు రాల్చగలదు, అవి ఏళ్ల తరబడి నేలలో బతికే ఉంటాయి. మన పొలం గట్ల మీద వయ్యారిభామను పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని పీకినట్టే దీన్నీ పీకాలి.

వాన పడ్డాక నేల మెత్తగా ఉన్నప్పుడు వేరు సులువుగా వస్తుంది. చేతికి గ్లవ్స్, ఒంటికి నిండు చేతుల చొక్కా తప్పనిసరి. లాన్ మూవర్‌తో కోసేస్తే పనైపోయిందనుకుంటారు, కానీ అది మళ్లీ చిగురిస్తుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం బతుకుతుంది. నారింజ, నలుపు చారల గొంగళిపురుగులు దాని మీద కనిపిస్తే అవి సిన్నబార్ చిమ్మటవి, ఆ కలుపునే తిని బతుకుతాయి. మంచివే, కానీ వాటి మీద భారం వేసి కూర్చుంటే నోటీసు గడువు దాటిపోతుంది.

కలుపు మందు కొట్టాలనుకుంటే సీసా మీది లేబుల్‌లో రాసినంతే, రాసినట్టే కొట్టాలి, అది చట్టం. వాగు, చెరువు పక్కన మామూలు మందు అస్సలు వద్దు, అక్కడ కొట్టాలంటే ప్రత్యేక అనుమతులు కావాలి. నాలుగైదు మొక్కలకైతే చేతిపనే మేలు.

5. గ్రీన్ బిన్‌లో వేయకండి

టాన్సీ రాగ్‌వర్ట్ పూలు, గింజలు సంచిలో మూట కట్టి మామూలు చెత్తలో వేయాలి. పీకి పడేసిన పువ్వు కూడా గింజ కట్టగలదు కాబట్టి యార్డ్ వేస్ట్‌లో, అంటే తోట చెత్త వేసే గ్రీన్ బిన్‌లో వేస్తే కంపోస్ట్‌తో పాటు ఊరంతా తిరుగుతుంది. పాయిజన్ హెమ్‌లాక్‌ అయితే మొత్తం మొక్క చెత్తలోకే. దాన్ని కాల్చకండి.

6. పని అయ్యాక కౌంటీకి చెప్పండి

పీకేశాం కదా అని ఊరుకోకండి. ఉత్తరంలో ఉన్న ఫోన్‌కో మెయిల్‌కో ఫోటోలతో సహా తెలియజేయండి. గడువు చాలకపోతే అదే మాట ముందుగా చెప్పండి. మాట్లాడేవాళ్లతో వాళ్లూ మాట్లాడతారు. ఎన్నిసార్లు రాసినా జవాబు లేకపోతే కౌంటీయే మనుషుల్ని పెట్టి తీయించి, ఖర్చు మీ మీద వేసే అధికారం చట్టంలో ఉంది.

అద్దె ఇంట్లో ఉంటే ఉత్తరం ఫోటో తీసి ఓనర్‌కి పంపండి, చట్టం ముందు బాధ్యత ఆయనది. మీరే ఓనరై, ఇల్లు అద్దెకిచ్చి టెక్సాస్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటే, కౌంటీ ఆస్తి రికార్డుల్లో మీ ఇప్పటి అడ్రస్ ఉందో లేదో చూసుకోండి.

కౌంటీ జాబితా ఏటా మారవచ్చు. బోర్డు దాన్ని ఖరారు చేసే ముందు బహిరంగ విచారణ పెడుతుంది, ఎవరైనా వెళ్లి మాట్లాడవచ్చు. పక్క స్థలంలోనో, పార్కులోనో, రోడ్డు పక్కనో ఈ మొక్కలు కనిపిస్తే కౌంటీ వెబ్‌సైట్‌లోని ఫారంలో చోటు గుర్తుపెట్టి, ఫోటో జత చేసి పంపితే చాలు. పక్కింటివాళ్లతో గొడవ పెట్టుకోవాల్సిన పని ఉండదు.