మొదటి స్పోర్ట్స్ కారు – మూడో పాఠం: టైర్లు, బ్రేకులు

కారు ఎలా ఎంచుకోవాలో, కొన్నాక దాన్ని ఎలా చక్కబెట్టుకోవాలో గత రెండు పాఠాల్లో చూశాం. ఆయిల్ లీకులు, ఎండిపోయిన రబ్బరు గొట్టాలు, టైమింగ్ బెల్టు, తుప్పు లాంటి లెక్కలు ఇంకా తేలకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. రిపేరు మిగిలి ఉన్న కారు మీద అప్‌గ్రేడ్‌కి పెట్టే డబ్బు దండగ.

మన ఉదాహరణ మజ్దా ఎంఎక్స్-5. అమెరికాలో అందరూ మియాటా అనే పిలుస్తారు. 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించిన ఈ రెండు సీట్ల కారు, సెకండ్‌హ్యాండ్‌లో అయితే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొత్తగా ఉద్యోగంలో చేరిన మన కుర్రాళ్లకీ అందుతుంది. మొదటి తరం కారు బరువు సుమారు ఒక టన్ను, అందులో 1.6 లీటర్ల ఇంజన్ ఇచ్చేది 116 హార్స్‌పవర్. 2016 మోడల్‌తో వచ్చిన నాలుగో తరంలో 2.0 లీటర్ల ఇంజన్ అమెరికాలో 155 ఇచ్చేది, 2019 మోడల్ నుంచి 181 ఇస్తోంది. కాగితం మీద ఇవి పెద్ద అంకెలేమీ కావు. అందుకే కారు చేతికి రాగానే మొదట అడిగేది "హార్స్‌పవర్ ఎలా పెంచాలి?" అనే.

ఈ పాఠంలో నా జవాబు ఒకటే: ఇప్పుడు వద్దు. టర్బో లేని ఇంజన్‌కి కొత్త ఇన్‌టేక్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి), కొత్త సైలెన్సర్ బిగిస్తే పెరిగేది ముఖ్యంగా చప్పుడు. శక్తి పెరిగినా పెరిగేది కొద్దిగానే. టర్బో పెట్టాలంటే ఖర్చు వేల డాలర్లలోకి వెళ్తుంది, దాని వెనకే క్లచ్, రేడియేటర్, ట్యూనింగ్ వరసగా వచ్చి పడతాయి. డబ్బు సంగతి అలా ఉంచినా, కొత్త డ్రైవర్‌కి ఈ కారులో తక్కువైనది శక్తి కాదు. కారు రోడ్డును ఎంత పట్టుకుంటుందో, ఆ పట్టు ఎక్కడ జారిపోతుందో కాళ్లకీ చేతులకీ ఇంకా తెలియకపోవడమే అసలు లోటు. ఆ తెలివిడి ఇచ్చేవి టైర్లు, బ్రేకులు.

పట్టు అంటే ఏమిటి

ఒక్కో టైరు నేలను తాకే చోటు ఇంచుమించు మీ అరచేయంత. వేగం పెంచినా, తగ్గించినా, మలుపు తిరిగినా ఆ బలమంతా ఆ నాలుగు చోట్ల నుంచే రావాలి. ఆ చోట్లలో ఉన్న పట్టుకి ఒక హద్దు ఉంటుంది. ఆ పట్టంతా బ్రేకుకే వాడేస్తే మలుపుకి ఏమీ మిగలదు. మలుపు మధ్యలో భయపడి బ్రేకు గట్టిగా తొక్కితే కారు అదుపు తప్పడానికి కారణం ఇదే. స్టీరింగ్ తిప్పే ముందే, కారు తిన్నగా వెళ్తున్నప్పుడే వేగం తగ్గించుకోవాలని నేర్పేదీ ఇందుకే.

ఇంకొక సంగతి. బ్రేకు తొక్కగానే బరువు ముందుకి ఒరుగుతుంది, వెనక టైర్ల మీద భారం తగ్గుతుంది. మియాటా వెనక చక్రాలతో నడిచే కారు. వెనక టైర్లు పాతవైతే, తడి రోడ్డు మీద మలుపులో యాక్సిలరేటర్ నుంచి కాలు హఠాత్తుగా తీసినా వెనక భాగం పక్కకి జారిపోవచ్చు. కాబట్టి టైర్లు రెండే మార్చాల్సి వస్తే కొత్తవి వెనకే వేయించండి. నన్నడిగితే, స్పోర్ట్స్ కారుకి నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి, ఒకేసారి మార్చాలి. డబ్బు సరిపోకపోతే రెండు నెలలు ఆగి అయినా అలాగే చేయండి.

టైరు పక్క గోడ చదవడం

ఇప్పుడు కారు దగ్గరికి వెళ్లి టైరు పక్కన కూర్చోండి. 195/50ఆర్15 82వీ లాంటి రాత కనిపిస్తుంది. 195 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 50 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 50 శాతం, అంటే సుమారు 97 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 15 అంటే రిమ్ము అంగుళాల్లో. 82 అనే అంకెకు అర్థం ఒక్కో టైరు 475 కిలోలు మోయగలదని. వీ అంటే గంటకు 240 కిలోమీటర్ల వేగం వరకు ఆ టైరును పరీక్షించారని. హెచ్ అయితే 210, డబ్ల్యూ అయితే 270.

ఆ తర్వాత డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే పొడుగాటి కోడ్ వెతకండి. అది గోడకి ఒక వైపే పూర్తిగా ఉండొచ్చు, కాబట్టి కారు కిందికి వంగి లోపలి వైపు కూడా చూడండి. చివరి నాలుగు అంకెలు 2318 అనుకుందాం. 2018లో 23వ వారం తయారైందని లెక్క. ఈ తేదీని చాలామంది పట్టించుకోరు. మియాటా లాంటి కారుని సాధారణంగా వారాంతాల్లోనే తీస్తారు, ఏడాదికి నడిచే మైళ్లు తక్కువ. దాంతో టైరు గాడులు కొత్తవాటిలా కనిపిస్తాయి, రబ్బరు మాత్రం లోపల గట్టిపడిపోయి ఉంటుంది. ఆరేళ్లు దాటిన టైరుని, గాడులు ఎంత లోతుగా ఉన్నా, నేను నమ్మను. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నప్పుడు అమ్మినవాళ్లు "టైర్లు కొత్తవే" అంటే ఆ నాలుగు అంకెలు చూశాకే తలూపండి.

మూడోది ట్రెడ్‌వేర్ అంకె. అమెరికాలో అమ్మే కారు టైర్ల మీద ఇది ఉంటుంది. అంకె ఎంత పెద్దదైతే అంత ఎక్కువ కాలం మన్నుతుందని, చిన్నదైతే రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువని స్థూలంగా అర్థం. ఈ గ్రేడు ఏ కంపెనీకి ఆ కంపెనీయే ఇచ్చుకుంటుంది కాబట్టి రెండు కంపెనీల అంకెలు పక్కపక్కన పెట్టి తేల్చేయకండి. మామూలు టూరింగ్ టైర్లు 500 పైన ఉంటాయి. మంచి సమ్మర్ టైర్లు 300 చుట్టూ. 200 గ్రేడువి పోటీలకి వెళ్లేవాళ్లు వాడేవి. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా నడిపే ఆటోక్రాస్ (కోన్ల మధ్య ఒక్కో కారు గడియారంతో పోటీపడే ఆట) పోటీల్లో, స్ట్రీట్ తరగతికి కనీసం 200 ఉండాలని నియమం కూడా ఉంది.

మొదటి సెట్టుగా 200 గ్రేడు టైర్లు కొనకండి, వాటిని ఎవరు ఎంత పొగిడినా సరే. వాటి గాడులు లోతు తక్కువ. కుండపోత వానలో హైవే మీద నీళ్లని చీల్చుకుని వెళ్లలేక తేలిపోతాయి. పైగా అవి త్వరగా అరుగుతాయి, పట్టు అంచు దాకా వచ్చేసరికి కారు అప్పటికే చాలా వేగంలో ఉంటుంది. నేర్చుకునేవాళ్లకి 300 ప్రాంతంలో ఉన్న సమ్మర్ టైరే మేలు. అది జారే ముందు కీచుమంటుంది, స్టీరింగ్ తేలికవుతుంది, సర్దుకోవడానికి వ్యవధి ఇస్తుంది. షికాగో, మిషిగన్, న్యూజెర్సీల్లో ఉండేవాళ్లు ఒక మాట గుర్తుంచుకోండి: చలి సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే సమ్మర్ రబ్బరు బిగుసుకుపోయి పట్టు పోతుంది. చలికాలంలోనూ ఈ కారే నడపాల్సి వస్తే ఆ నెలలకి వింటర్ టైర్లు వేరే సెట్టు ఉండాలి.

సైజు మాత్రం పెంచొద్దు. పెద్ద రిమ్ములు చూడటానికి బాగుంటాయి, కానీ చక్రం బరువు పెరిగిన కొద్దీ సస్పెన్షన్‌కి దాన్ని అదుపు చేయడం కష్టమవుతుంది. రిమ్ములు మార్చాలనే కోరిక ఉంటే తేలికైనవి చూడండి. మొదటి, రెండో, నాలుగో తరం మియాటాలకి నాలుగు బోల్టులు 100 మిల్లీమీటర్ల వలయంలో ఉంటాయి. మూడో తరానికి మాత్రం ఐదు బోల్టులు, 114.3. ఈ తేడా చూడకుండా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే అవి కారుకి ఎక్కవు.

గాలి

ఒక్క డాలర్ ఖర్చు లేకుండా కారు నడక మార్చేది ఇదే. డ్రైవర్ తలుపు తీస్తే అంచున ఒక స్టిక్కర్ ఉంటుంది. ఎంత గాలి ఉండాలో కంపెనీ అందులో రాస్తుంది. మొదటి తరం మియాటాకి 26 పీఎస్‌ఐ, నాలుగో తరానికి 29. కారు తేలిక కాబట్టే ఇంత తక్కువ. షాపులో అన్ని కార్లకీ కొట్టినట్టు 35 కొట్టేస్తే టైరు నేలని తాకే చోటు కుంచించుకుపోతుంది, గతుకుల మీద కారు ఎగురుతుంది. టైరు గోడ మీద రాసి ఉండేది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మీరు కొట్టించుకోవాల్సినది కాదు.

సొంతంగా ఒక గేజ్ కొనుక్కోండి. పొద్దున్నే, కారు కదలకముందే కొలవండి. నడిపాక కొలిస్తే వేడికి అంకె పెరిగి ఉంటుంది. వాతావరణం 10 డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లబడితే సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో వారం వారం చూసుకోవాల్సింది అందుకే.

బ్రేకు ఆయిల్

బ్రేకులనగానే ఎర్ర రంగు కాలిపర్లు (ప్యాడ్లతో డిస్కుని నొక్కిపట్టేవి), చిల్లుల డిస్కులు గుర్తొస్తాయి. వాటికంటే ముందు చూడాల్సింది సీసాలో దొరికే బ్రేకు ఆయిల్. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ చేరిన కొద్దీ అది మరిగే వేడి తగ్గిపోతుంది. కొండ దారిలో వరసగా బ్రేకులు వేస్తూ దిగుతుంటే కాలిపర్ వేడెక్కి లోపలి ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతుంది, కారు ఆగదు.

డాట్ 3 (ఇక్కడ డాట్ అంటే బ్రేకు ఆయిల్ గ్రేడు, టైరు మీది కోడ్ కాదు) ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక అది 140కి పడిపోతుంది. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. డాట్ 5.1కి 260, 180. మంచి డాట్ 4 పోయించి, రెండేళ్లకొకసారి మార్చండి. డాట్ 5 అని విడిగా అమ్మేది సిలికాన్ రకం. పేరు దగ్గరగా ఉందని దాన్ని కలపకండి, మీ కారుకి అది పనికిరాదు.

మార్చడం ఇద్దరు కలిసి చేసే పని. మొదటిసారి తెలిసినవాళ్ల పక్కన ఉండి చేయండి. కారుని జాకీ మీద వదిలేయకుండా కింద జాక్ స్టాండ్లు పెట్టాలి, ఇందులో రాజీ లేదు. ఒకరు పెడల్ నెమ్మదిగా తొక్కి పట్టుకోవాలి. రెండోవారు కాలిపర్ వెనక ఉన్న చిన్న స్క్రూకి గొట్టం తగిలించి, కొద్దిగా వదులు చేసి, పాత ఆయిల్ సీసాలోకి వచ్చాక బిగించాలి. బిగించానని చెప్పాకే పెడల్ మీద కాలు తీయాలి, లేకపోతే గాలి లోపలికి పోతుంది. నల్లటి ఆయిల్ పోయి తేట ఆయిల్ వచ్చేదాకా ఇలాగే. పైన డబ్బాలో ఆయిల్ ఎప్పుడూ కనీస గీత కిందికి దిగకూడదు. పాత కారైతే పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టండి. ఎప్పుడూ వెళ్లనంత లోతుకి మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టేది) పిస్టన్ వెళ్తే లోపలి రబ్బరు సీళ్లు చినగొచ్చు. ఏ చక్రం ముందు అన్నది మీ కారు మాన్యువల్‌లో చూసుకోండి. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి, ఆలస్యమైతే రంగు లేచిపోతుంది. అయ్యాక కారు కదిలించే ముందు పెడల్ గట్టిగా ఉందో లేదో చూడండి. మెత్తగా ఉంటే రోడ్డెక్కొద్దు.

ప్యాడ్లు రోడ్డు మీద వాడే పెర్ఫార్మెన్స్ రకం సరిపోతాయి. రేసు ప్యాడ్లు వేడెక్కితేనే పట్టుకుంటాయి. చల్లటి పొద్దున మొదటి సిగ్నల్ దగ్గర అవి మిమ్మల్ని భయపెడతాయి. పెద్ద డిస్కుల కిట్టు ఇప్పుడు అనవసరం. గట్టిగా తొక్కితే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పని చేస్తోందంటే బ్రేకుల బలం టైర్ల పట్టుని ఇప్పటికే మించిపోయిందని అర్థం. డిస్కు పెద్దదైతే వేడిని ఎక్కువసేపు తట్టుకుంటుంది, అది ట్రాక్ మీద వరసగా ల్యాపులు కొట్టేవాళ్ల అవసరం. అయితే వేగం విషయం తేలిగ్గా తీసుకోకండి: గంటకు 60 మైళ్ల నుంచి ఆగడం కంటే 80 నుంచి ఆగడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి సుమారు 78 శాతం ఎక్కువ.

హైదరాబాద్, విజయవాడల నుంచి చదివేవాళ్లకి ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కంపెనీ సైజులోనే మెరుగైన టైర్లు, మంచి బ్రేకు ఆయిల్, సరైన ప్యాడ్లు ఆ చట్టానికి విరుద్ధం కావు. కాబట్టి మీ దగ్గర ఉన్నది పోలో అయినా ఐ20 అయినా ఈ పాఠం మీకూ వర్తిస్తుంది.

ఈ వారం అభ్యాసం

నాలుగు టైర్ల సైజు, తయారీ వారం, ట్రెడ్‌వేర్ అంకె ఒక నోట్‌బుక్‌లో రాయండి. గాడుల లోతు లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున విడివిడిగా కొలిచి రాయండి. వరసగా ఏడు రోజులు పొద్దున్నే గాలి కొలవండి. బ్రేకు ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో పాత బిల్లుల్లో వెతకండి. తేదీ దొరకకపోతే మార్చాల్సిందేనని అనుకోండి.

లోపలి అంచు ఎక్కువ అరిగినట్టు కనిపిస్తే ఆ కొలతలు నోట్‌బుక్‌లో చెరిపేయకుండా అలాగే ఉంచండి. నాలుగో పాఠం వీల్ అలైన్‌మెంట్. క్యాంబర్, టో అంటే ఏమిటో ఆ కొలతలతోనే మొదలుపెడతాం.