డప్పు దరువు తప్పుతోందా? ముందు డప్పు పక్కన పెట్టండి

జానపద పాటకు కొత్తగా డప్పు పట్టినవాళ్లు దరువు తప్పారంటే అందరూ చెప్పేది ఒకటే: ఇంకా ప్రాక్టీస్ చెయ్యి. తప్పు ఎక్కడుందో తెలియకుండా గంటలకొద్దీ కొడితే ఆ తప్పే చేతికి అలవాటైపోతుంది. అందుకే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. డప్పు కింద పెట్టి, అదే పాట పాడుకుంటూ, మామూలుగా నడుస్తూ చప్పట్లు కొట్టండి.

అక్కడా తడబడితే చేతుల తప్పేమీ లేదు, పాటే మీకింకా పూర్తిగా రాలేదు. చప్పట్లు సరిగ్గా పడుతూ డప్పు మీద మాత్రం తప్పుతుంటే పుల్లలనో, పట్టునో, తోలునో అనుమానించాలి. ఒంటరిగా బాగానే వచ్చి గుంపులో పోతోందంటే అది మూడో రకం. ఎక్కువమంది మొదటి రకమే, ఒప్పుకునేవాళ్లు మాత్రం తక్కువ.

సమస్య: పాట సగానికి వచ్చేసరికి వేగం పెరిగిపోతోంది

పల్లవి నిదానంగానే మొదలవుతుంది. మూడో చరణానికి పాడేవాళ్లకు ఊపిరి అందదు. కొట్టేవాడికి మాత్రం ఆ సంగతి తెలియదు.

కారణం: గట్టిగా కొట్టడం, వేగంగా కొట్టడం రెండూ మన చేతులకు ఒకే పనిగా అలవాటైపోయాయి. కోరస్ అందుకోగానే ఊపు వస్తుంది, భుజం బిగుసుకుంటుంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ తగ్గిపోతుంది. జాతరలో నాలుగు ఈలలు పడ్డాయంటే ఇక చెప్పక్కర్లేదు.

పరిష్కారం: ముందు ఫోన్‌లో రికార్డు చేసి, మొదటి 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో, చివరి 15 సెకన్లలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. 24 కాస్తా 28 అయ్యిందంటే నిమిషానికి 96 నుంచి 112కు పరుగెత్తారన్నమాట. ఆ తర్వాత వేగం మార్చకుండా నాలుగు ఆవర్తాలు మెల్లగా, నాలుగు ఆవర్తాలు గట్టిగా కొట్టడం సాధన చేయండి (దరువు ఒక చుట్టు పూర్తయితే ఒక ఆవర్తం). మెట్రోనోమ్ యాప్ వాడండి గానీ, అది ఆగకుండా టిక్కుటిక్కుమంటుంటే దాని వెనకే పోతారు, మీ సొంత లెక్క ఎప్పటికీ కుదరదు. రెండు ఆవర్తాలు మోగి, రెండు ఆవర్తాలు ఆగే సెట్టింగ్ ఉన్న యాప్ చూసుకోండి. శబ్దం మళ్లీ మొదలైనప్పుడు మీరెక్కడున్నారో వెంటనే బయటపడుతుంది.

సమస్య: పాట ఒకవైపు, దెబ్బ ఒకవైపు

వేగం సరిగ్గానే ఉంటుంది, ఏదో అతకలేదని మాత్రం అందరికీ తెలుస్తుంటుంది. పాటలో మొదటి అక్షరమే మొదటి దెబ్బ అనుకోవడం వల్ల వచ్చే తంటా ఇది. చాలా జానపద పాటలు దెబ్బకు కాస్త ముందో, దెబ్బ పడ్డాకో ఎత్తుకుంటాయి. బతుకమ్మ దగ్గర గమనించండి. పాట ఎత్తుకునే ఆమె నోటివైపు కాదు, చుట్టూ తిరిగేవాళ్ల చప్పట్లవైపు చూడాలి. అరచేతులు కలిసే చోటే దెబ్బ. కోలాటమైతే కోలలు తగిలే చోటు.

మొదటి వరుసకు అసలు కొట్టకుండా వదిలేయండి, కొంపలేం మునగవు. ఆ వరుస సాగుతుండగా కాలితో లెక్క పట్టుకుని రెండో వరుసకు అందుకోండి. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టేసి తర్వాత సర్దుకుందామనుకుంటే చివరిదాకా సర్దుకుంటూనే ఉంటారు.

సమస్య: తకిట పాటకు తకధిమి పడుతోంది

మన జానపదంలో మూడు లెక్క (త-కి-ట) పాటలు బోలెడు. సినిమా పాటలకు, డీజే బీట్లకు అలవాటుపడిన చెవి మాత్రం ప్రతిదాన్నీ నాలుగులోకి (త-క-ధి-మి) లాగుతుంది. దాంతో గాయని ప్రతి పాదం చివరా ఒక అక్షరం సాగదీయాల్సి వస్తుంది. మంచి గాయని అయితే మీవైపు ఒకసారి చూస్తుంది కూడా.

దీనికి చెవి ఒక్కటే కారణం కాదు, చేతులకూ ఇందులో పాలుంది. కుడిచేతిలో సిర్ర అనే లావుపాటి పుల్ల, ఎడమచేతిలో చిటికెన పుల్ల. వంతులవారీగా కుడి, ఎడమ, కుడి, ఎడమ అని కొట్టుకుంటూ పోతే, నాలుగు లెక్కలో ప్రతి నాలుగింట్లో మొదటి దెబ్బ కుడిచేతికే వస్తుంది, ఇబ్బంది లేదు. మూడు లెక్కలో అలా కాదు. కుడి ఎడమ కుడి అని ఒక తకిట అయిపోగానే తర్వాతి 'త' ఎడమచేతికి పడుతుంది. చిటికెన పుల్ల సన్నది, దాని మోత వేరు. కుడిచేతి దెబ్బలే పెద్దగా వినిపిస్తాయి కాబట్టి వినేవాళ్లకు మూడు లెక్క కనబడదు, కొట్టేవాడికీ కాసేపటికి జారిపోతుంది.

అందుకని మూడు లెక్కకు వంతులు మానేయండి. 'త' సిర్రతో, 'కిట' రెండూ చిటికెన పుల్లతో సన్నగా. ప్రతి 'త'కు ఒక అడుగు వేయండి, కుడికాలు, ఎడమకాలు, మళ్లీ కుడికాలు. మొదట్లో ఎడమచేయి మొరాయిస్తుంది, వేగం బాగా తగ్గించి మొదలుపెట్టండి. ఇది కుదిరాక 'కిట' దెబ్బలు ఒక్కొక్కటిగా వదిలేసి, నోటితో మాత్రం అంటూ ఉండండి. ఖాళీలో కూడా లెక్క నిలిచిందంటే ఆ పాట మీకు వచ్చినట్టే.

సమస్య: ఏడులో ఒకటి ఎగిరిపోతోంది

తకిట తకధిమి, అంటే మూడూ నాలుగూ కలిపి ఏడు. దీన్నే మిశ్రగతి అంటారు. గురజాడ ముత్యాల సరాల నడక ఇదే కాబట్టి తెలుగు చెవికి కొత్తేం కాదు. అయినా డప్పు మీదికి వచ్చేసరికి ఒకటి తగ్గి ఆరవుతుంది, లేదా చివర్లో ఒకటి చేరి ఎనిమిదవుతుంది.

చాలామంది ఒకటి, రెండు, మూడు అని అంకెలు అనుకుంటూ కొడతారు. అక్కడే దెబ్బతింటారు. ఆ మాటల్లో మిగతావన్నీ మూడేసి మాత్రలైతే (మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు) 'నాలుగు' ఒక్కటే నాలుగు మాత్రలు. వేగంలో నాలుక అక్కడ తట్టుకుంటుంది, చెయ్యి కూడా దానితోపాటే ఆగుతుంది. అంకెలు మానేసి తకిట తకధిమి అనండి. రెండు 'త'ల మీదా అడుగు పడాలి. మొదటి అడుగు పొట్టిది, రెండోది కాస్త పొడుగు. గదిలో అటూ ఇటూ ఇలా నడుస్తుంటే ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు, పట్టించుకోకండి.

చప్పట్లు బాగున్నాయి, డప్పు మీదే తప్పుతోంది

ఎడమచేయి వెనకబడుతుంటే పట్టీ చూడండి. పట్టీ వదులుగా ఉంటే డప్పు బరువంతా ఎడమచేతి మీద పడుతుంది. మోసే చేత్తో కొట్టడం కుదరదు. పట్టీ పొట్టి చేసి బరువు భుజానికి ఎక్కించండి.

వానాకాలమైతే అనుమానం తోలు మీదికి పోవాలి. తేమకు తోలు వదులైతే పుల్ల ఎగిరి వెనక్కి రాదు. మోత రాలేదని ఇంకా గట్టిగా కొడతారు, అలా చెయ్యి ఎత్తిన ప్రతిసారీ ఆలస్యం. గడ్డి మంట వేసి, కాస్త ఎడంగా పట్టుకుని, తిప్పుతూ కాచండి. మధ్యమధ్య వేలితో మీటి చూస్తుంటే ఖంగుమన్నప్పుడు మీకే తెలుస్తుంది. బోల్టులు బిగించే ఫైబర్ డప్పును మాత్రం మంట దగ్గరికి తీసుకుపోకండి, దానికి స్పానర్ చాలు.

ఒంటరిగా బాగానే ఉంది, గుంపులో పోతోంది

ఊరేగింపులో ముందువాళ్లకూ వెనకవాళ్లకూ 30 మీటర్ల దూరం ఉందనుకోండి. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది కాబట్టి ముందు పడిన దెబ్బ వెనక్కి చేరడానికి సుమారు 0.09 సెకన్లు పడుతుంది. వెనకవాళ్లు అది విని కొడితే, ఆ మోత ముందుకు చేరేసరికి మరో 0.09. నిమిషానికి 120 దెబ్బల వేగంలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండేదే అర సెకను. అందుకే వెనక వరుస ఎప్పుడూ ఈడుస్తున్నట్టు వినిపిస్తుంది, పాపం వాళ్లు సరిగ్గానే కొడుతున్నా. చెవిని నమ్మకుండా ముందుండి నడిపించేవాడి సిర్ర వైపు చూసి కొట్టండి. నిలబడి కొట్టేటప్పుడైతే అర్ధచంద్రంగా, అందరూ అయిదారు మీటర్లలోపే ఉండండి.

దరువు మార్చేచోట గందరగోళం అవుతుంటే సైగ లేకపోవడమే కారణం. ముక్తాయింపు, అంటే దరువును ముగించే దెబ్బల వరుస, ఒకటి ముందే అనుకోండి, అది పడ్డాకే మారాలి. ఇది యూట్యూబ్‌లో చూసి పట్టుకోవడం కష్టం. డప్పును తరతరాలుగా నిలబెట్టింది మాదిగవాడల కళాకారులు. పెళ్లికి, చావుకు, జాతరకు, చాటింపుకు వేరువేరు దరువులు వాళ్ల చేతుల్లో ఉన్నాయి. అలాంటి పెద్దాయన పక్కన నిలబడి, ఒక దరువులోంచి ఇంకో దరువులోకి ఎలా దిగుతాడో చూడండి. నేర్పినందుకు డబ్బులివ్వడం మరిచిపోవద్దు.

విదేశాల్లో బతుకమ్మకు జూమ్‌లో రిహార్సల్ చేసేవాళ్లు కలిసి కొట్టే ప్రయత్నం మానుకోవడం మంచిది. నెట్‌లో వచ్చే ఆలస్యానికి ఎంత గొప్పవాళ్లయినా కలవలేరు. ఒకరు కొడుతుంటే మిగతావాళ్లు మ్యూట్‌లో ఉండి దానితోపాటు కొట్టుకోండి. ఎవరి వంతు వాళ్లు రికార్డు చేసి పంపాలంటే అందరూ ఒకే ట్రాక్ వినాలి, అదీ వైరున్న ఇయర్‌ఫోన్స్‌లోనే. బ్లూటూత్‌లో ట్రాక్ కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది కాబట్టి మీరు సరిగ్గా కొట్టినా రికార్డింగ్‌లో దెబ్బలన్నీ వెనక పడి ఉంటాయి.