బొమ్మ ఎక్కడ నిలిచిందో ముందు చూడండి: ఇంటి మీడియా సర్వర్ మాటిమాటికీ ఆగిపోతుంటే

"పాపా, మీ నాయన గద ఎత్తి అట్లే నిలబడిపోయినాడు" అని అమ్మ హాల్లోంచి పిలిచిందంటే సర్వర్ మళ్లీ ఆగిపోయిందని అర్థం. పోయిన ఎండాకాలం రెండు నెలల పాటు తిరుపతిలో మా ఇంట్లో ఇదే మాట.

మా నాయన పాకాల పక్క పల్లెల్లో భారతం ఉత్సవం జరిగినప్పుడు వీధి నాటకాల్లో భీముడి వేషం కట్టేవాడు. ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం, ఆఖరున మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ. చిత్తూరు పక్కవాళ్లకు నేను వివరించక్కర్లేదు. పెళ్లి వీడియోలు తీసే ఒకాయన అప్పట్లో తీసిచ్చిన క్యాసెట్లను తర్వాత డీవీడీలు చేయించాము. ఆ డీవీడీలు, పిల్లల ఫోన్ వీడియోలు, అమ్మ పొద్దున్నే వినే కీర్తనలు అన్నీ ఒకచోట ఉండాలని ఈ సర్వర్ పెట్టుకున్నాను. నాయన ఇప్పుడు లేడు. అమ్మకు ఆయన గొంతు వినపడేది ఆ పెట్టెలోంచే. అందుకే అది ఆగిన ప్రతిసారీ నాకు టెన్షన్.

నా దగ్గరున్నది ఆఫీసులో వాడి తీసేసిన సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్. ఇంటెల్ నాలుగో తరం ఐ5, 8 జీబీ ర్యామ్. ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్, దాని మీద జెల్లీఫిన్, అంటే దాచిన వీడియోలను టీవీకీ ఫోన్లకూ పంపే ప్రోగ్రామ్. వీడియోలన్నీ 4 టీబీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఉన్నాయి, దానికి వేరే అడాప్టర్ ఉంది. మీరు అలాంటిదే అయిన ప్లెక్స్ వాడుతున్నా, విండోస్ మీద నడుపుతున్నా కింద చెప్పేదానిలో చాలా భాగం అట్లే పనికొస్తుంది.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. ఒక షాపులో అడిగితే ర్యామ్ మార్చమన్నారు, మార్చాను. ఇంకొకరు ఉబుంటు మళ్లీ వేయమన్నారు, వేశాను. అదే వారంలో జెల్లీఫిన్ కొత్త వెర్షన్ కూడా ఎక్కించాను. డబ్బులు పోయాయి, రెండు వారాలు పోయాయి, ఆగిపోవడం మాత్రం పోలేదు. పైగా దేనివల్ల ఏం మారిందో తెలియకుండా పోయింది. బళ్లో లెక్కలు చెప్పేదాన్ని, పిల్లలకు అయితే రెండు తెలియని రాశులను ఒకేసారి కదిలించవద్దని చెప్తాను. ఇక్కడా అంతే. ఒకసారికి ఒకటే మార్చండి. మార్చాక కనీసం రెండు మూడు రోజులు చూడండి.

ఆగింది ఏది?

టీవీలో బొమ్మ నిలిచిపోతే సర్వర్ నిలిచినట్టు కాదు. టీవీ, వైఫై, జెల్లీఫిన్, డిస్కు, మొత్తం కంప్యూటర్, వీటిలో ఏదైనా కావచ్చు. రీస్టార్ట్ చేయాలని చెయ్యి లాగుతుంది గానీ, రెండు నిమిషాలు ఆగి ఈ వరుసలో చూడండి. రీస్టార్ట్ చేస్తే సగం ఆధారాలు పోతాయి.

అదే వీడియోను ఫోన్‌లో పెట్టండి. ఫోన్‌లో ఆడితే గొడవ టీవీదే. యాప్ క్యాష్ తీసేసి, టీవీ ప్లగ్ తీసి పెడితే చాలాసార్లు సర్దుకుంటుంది. ఫోన్‌లోనూ ఆడకపోతే బ్రౌజర్‌లో సర్వర్ డాష్‌బోర్డ్ తెరవండి. అది తెరుచుకుంటే కంప్యూటర్ బతికే ఉంది, ఆ వీడియో దగ్గరో డిస్కు దగ్గరో ఏదో అడ్డం పడింది. డాష్‌బోర్డ్ కూడా రాకపోతే ఇంకో కంప్యూటర్ నుంచి పింగ్ చేయండి (పలుకుతుందా అని నెట్‌వర్క్‌లో పిలిచి చూడడం), ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే దూరం నుంచే ఆదేశాలు ఇచ్చే దారిలో, లోపలికి వెళ్లి చూడండి. పింగ్‌కు జవాబు వచ్చి జెల్లీఫిన్ మాత్రం పలకకపోతే అది ఒక రకం. పింగ్ కూడా లేకపోతే పాత కీబోర్డ్ ఒకటి తగిలించి క్యాప్స్ లాక్ నొక్కండి. దీపం వెలిగి ఆరుతుంటే లోపల సిస్టమ్ ఇంకా నడుస్తోంది, నెట్‌వర్క్ దగ్గర తెగింది. దీపం కదలకపోతే చాలావరకు కంప్యూటరే బిగుసుకుపోయిందనుకోవాలి. అప్పుడు ర్యామ్, వేడి, పవర్ సప్లై వైపు చూడాలి.

మా ఇంట్లో క్యాప్స్ లాక్ దీపం ప్రతిసారీ వెలిగింది. అది ముందే చూసుంటే ర్యామ్ కొనేదాన్ని కాదు.

క్యాలెండర్ మీద రాసిన టైములు

హాల్లో టీటీడీ క్యాలెండర్ ఉంది. ఆగినప్పుడల్లా ఆ తేదీ గడిలో టైము, ఏ వీడియో ఆడుతోందో రాయమని అమ్మకు పెన్సిల్ ఇచ్చాను. అమ్మ చాలా శ్రద్ధగా రాసింది. పదిహేను రోజులకు చూస్తే మూడు గుంపులు కనిపించాయి. కొన్ని పొద్దున ఆరుంపావుకు, సాయంత్రం ఏడుకు అటూ ఇటూ. కొన్ని మధ్యాహ్నం రెండు దాటాక, అదీ నాయన నాటకాలు చూసేటప్పుడే. మిగతావి ఏ వేళనైనా సరే, మా అబ్బాయి ఫోన్‌లో తీసిన వీడియోలు పెట్టినప్పుడు. నేను ఒకే జబ్బు అనుకున్నది మూడు వేరు వేరు జబ్బులు. ఏ ఒక్క మందూ పని చేయకపోవడానికి కారణం అదే.

ఆరుంపావు, ఏడు. ఈ టైముల్లో మా ఇంట్లో ఏం జరుగుతుంది? కింద పోర్షన్‌వాళ్లు సంపులోంచి ట్యాంకుకు నీళ్లెక్కించే మోటార్ వేస్తారు.

మోటార్ తిరగడం మొదలయ్యే క్షణంలో మామూలుగా తీసుకునేదానికి ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఇంటి వైరింగ్ పాతదైతే ఆ క్షణం వోల్టేజీ బాగా కుంగుతుంది, లైటు ఒకసారి మసకబారి మళ్లీ వెలుగుతుంది కదా, అదే. మా కంప్యూటర్ చిన్న యూపీఎస్ మీద ఉంది కాబట్టి దానికేం కాలేదు. కానీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్ అడాప్టర్‌ను నేను టీవీ వెనక స్పైక్ బస్టర్‌లో పెట్టాను. స్పైక్ బస్టర్ వోల్టేజీ ఎగసినప్పుడు ఆపుతుంది, పడిపోతే నిలబెట్టలేదు. ఆ క్షణంలో డ్రైవ్ ఆరిపోయి మళ్లీ లేచేది. కంప్యూటర్‌కేమో నడుస్తున్న డిస్కు చేతిలోంచి ఎవరో లాక్కున్నట్టు.

అనుమానం వస్తే సరిపోదు, రుజువు కావాలి. ఆదివారం కింది పోర్షన్ పిల్లవాడిని మోటార్ స్విచ్ దగ్గర నిలబెట్టి, నేను ఎస్‌ఎస్‌హెచ్‌లో 'జర్నల్‌సీటీఎల్ -ఎఫ్' పెట్టుకుని కూర్చున్నాను. సిస్టమ్ లోపల జరిగేదంతా ఆ ఆదేశంతో లైనుల్లో కనిపిస్తూ పోతుంది. పిల్లవాడు "వేస్తా ఉండా అక్కా" అని అరవడం, స్క్రీన్ మీద 'యూఎస్‌బీ డిస్‌కనెక్ట్' అని రావడం, దాని వెనకే డిస్కును చదవలేకపోతున్నానంటూ వరసగా 'ఐఓ ఎర్రర్' లైన్లు. ఐదుసార్లు మోటార్ వేస్తే మూడుసార్లు డ్రైవ్ పడిపోయింది. తర్వాత అడాప్టర్‌ను యూపీఎస్ బ్యాటరీ వైపున్న సాకెట్‌కు మార్చి పదిసార్లు వేయించాను. ఒక్కసారి కూడా పడలేదు. రెండు నెలల టెన్షన్‌లో ఈ మొదటి గుంపు ఒక ప్లగ్ మార్చితే తీరింది.

యూపీఎస్‌లో కొన్ని సాకెట్లు కేవలం సర్జ్ రక్షణకే ఉంటాయి, బ్యాటరీ ఇవ్వవు. వెనక రాసి ఉంటుంది, చూసి పెట్టండి. ఇంటికి ఇన్వర్టర్ ఉంటే దాని మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి, దానికి మార్చండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారడానికి ఎక్కువ సమయం పడుతుంది, ఫ్యానుకు అది తెలియదు గానీ కంప్యూటర్‌కు, డ్రైవ్‌కు తెలుస్తుంది.

డ్రైవ్ ఇట్లా పడిపోతే సర్వర్ ఎందుకు బిగుసుకుంటుందో తెలిస్తే మీరు లక్షణం చూసే గుర్తుపట్టగలరు. వీడియో చదువుతున్న పని డిస్కు జవాబు కోసం కాచుకుని కూర్చుంటుంది. జవాబు ఎప్పటికీ రాదు. నడుస్తున్న పనుల జాబితా చూపే 'టాప్' ఆదేశం పెట్టి చూస్తే ఆ పని పక్కన స్థితి గడిలో 'డి' అనే అక్షరం ఉంటుంది. ఆపేయమని కిల్ ఆదేశం ఇచ్చినా అది పోదు. సీపీయూ ఖాళీగానే ఉంటుంది, లోడ్ యావరేజ్ (కాచుకుని ఉన్న పనులను కూడా కలిపిన లెక్క) మాత్రం పెరుగుతూ పోతుంది. సీపీయూ ఖాళీ, లోడ్ ఎక్కువ, ఈ రెండూ కలిసి కనిపిస్తే నేరుగా డిస్కు వైపు వెళ్లండి. విండోస్‌లో అయితే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ విభాగంలో 129, 153 నంబర్ల హెచ్చరికలు ఈ జాతివే. 41 నంబర్ కనిపిస్తే సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే మళ్లీ మొదలైందని అర్థం.

మోటార్ వేయకపోయినా డిస్‌కనెక్ట్ అవుతుంటే కేబుల్ మార్చండి, ముందు పోర్టులోంచి తీసి కంప్యూటర్ వెనక పోర్టులో పెట్టండి. అడాప్టర్ లేని చిన్న డ్రైవ్‌లు పోర్టు నుంచే కరెంటు తీసుకుంటాయి. యూఎస్‌బీ 2 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంప్‌లు, యూఎస్‌బీ 3 ఇచ్చేది 900. చాలనప్పుడు సొంత కరెంటున్న హబ్ పెట్టాలి.

ఇంకొక పని కూడా చేయండి. పడి లేచిన డ్రైవ్‌కు లినక్స్ కొత్త పేరు పెడుతుంది, 'ఎస్‌డీబీ' కాస్తా 'ఎస్‌డీసీ' అవుతుంది, జెల్లీఫిన్ పాత చోటే వెతుకుతుంది. అందుకే ఏ డ్రైవ్‌ను ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో పేరుతో కాకుండా డ్రైవ్ యూయూఐడీతో (పడి లేచినా మారని దాని గుర్తింపు సంఖ్య) మౌంట్ చేసి, పక్కన 'నోఫెయిల్' అని చేర్చండి. డ్రైవ్ లేకపోయినా సిస్టమ్ బూట్ అవుతుంది.

నాయన నాటకాలు, మధ్యాహ్నపు ఎండ

రెండో గుంపు వేరు. డీవీడీల్లో ఉండేది ఎంపెగ్-2 వీడియో, అదీ ఇంటర్‌లేస్డ్, అంటే ఒక్కో బొమ్మను ఒకటి విడిచి ఒకటి గీతలుగా రెండు సగాలు చేసి దాచినది. మా టీవీ యాప్ దాన్ని నేరుగా ఆడించదు. సర్వర్ అప్పటికప్పుడు విప్పి, గీతలు కలిపి, టీవీ ఆడించగల హెచ్.264 రకంగా మార్చి పంపాలి. దీన్నే ట్రాన్స్‌కోడింగ్ అంటారు. రెండున్నర గంటల నాటకం ఆడుతున్నంతసేపూ సీపీయూ పని చేస్తూనే ఉంటుంది. పైగా కంప్యూటర్‌ను నేను టీవీ కింద చెక్క అరలో తలుపు వేసి పెట్టాను. బయట నలభై దాటిన ఎండ. 'సెన్సర్స్' ఆదేశంతో చూస్తే 96 డిగ్రీలు. ఆ వేడికి సీపీయూ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, మార్చే పని ఆడే వేగాన్ని అందుకోలేదు, భీముడు గద ఎత్తి నిలబడిపోతాడు.

అర తలుపు తీసేశాను. సీపీయూ వేడిని లాగేసే హీట్ సింక్‌లో దుమ్ము దులిపాను. ఆ రెంటి మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది బఠాణీ గింజంత వేశాను. అదే నాటకం, అదే మధ్యాహ్నం, 74 డిగ్రీలు. ఇంతటితో ఆగకుండా వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రామ్‌లో డీఇంటర్‌లేస్ (గీతలు కలపడం) పెట్టి, నాటకాలన్నిటినీ రాత్రిళ్లు ఒక్కొక్కటిగా హెచ్.264 ఎంపీ4 చేశాను. ఒకసారి మార్చి పెట్టుకుంటే రోజూ మార్చే పని ఉండదు. అసలు డీవీడీ ఫైళ్లను మాత్రం తీసేయకండి, మార్చినప్పుడల్లా నాణ్యత కొంత పోతుంది.

అబ్బాయి ఫోన్ వీడియోల సంగతీ ఇలాంటిదే. అవి 4కె హెచ్‌ఈవీసీ, అంటే హెచ్.264 కంటే గట్టిగా కుదించే కొత్త రకం. ఇంటెల్‌లో హెచ్‌ఈవీసీని హార్డ్‌వేర్‌తోనే పూర్తిగా విప్పే సౌకర్యం ఆరో తరం నుంచి ఉంది, పది బిట్ల రకానికి ఏడో తరం నుంచి. నాలుగో తరంలో ఆ బరువంతా సీపీయూ మీదే. సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్ చేసి, అన్ని కోడెక్‌లకూ (వీడియో రకాలకూ) టిక్ పెట్టేయకండి. మీ చిప్ చేయలేనిదానికి టిక్ పెడితే ఆ వీడియో అసలు మొదలే కాకపోవచ్చు. మా టీవీ హెచ్‌ఈవీసీని స్వయంగా ఆడగలదు. యాప్‌లో నాణ్యత 'ఆటో'లో ఉండి తగ్గించి అడుగుతోంది, దాన్ని గరిష్ఠానికి మార్చగానే సర్వర్‌కు పనే లేకుండా పోయింది. ఆడుతున్నప్పుడు ప్లేబ్యాక్ ఇన్ఫో తెరిస్తే 'డైరెక్ట్ ప్లేయింగ్' అనో 'ట్రాన్స్‌కోడింగ్' అనో, దానికి కారణమేమిటో కనిపిస్తుంది. సబ్‌టైటిల్స్ బొమ్మల రూపంలో ఉంటే వాటిని వీడియోలోకి అద్దడానికి కూడా ట్రాన్స్‌కోడింగ్ చేస్తుంది. అక్షరాల రూపంలో ఉండే ఎస్‌ఆర్‌టీ ఫైల్ పెట్టుకుంటే చాలావరకు ఆ బాధ ఉండదు.

మిగతావి త్వరగా

డిస్కు ఆరోగ్యం 'స్మార్ట్‌సీటీఎల్'తో చూడండి, విండోస్‌లో అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో. ఆ పట్టికలో పాడైన భాగాల లెక్క చెప్పే 5, 197 వరుసల్లో 'రా వాల్యూ' సున్నా కాకుండా ఉండి అది పెరుగుతోందంటే ముందు ఫైళ్లు వేరే చోటికి కాపీ చేసుకోండి, మిగతాదంతా తర్వాత. 199 పెరుగుతుంటే డిస్కు కంటే ముందు కేబుల్‌ను అనుమానించాలి. సిస్టమ్ డిస్కు నిండిపోయినా సర్వర్ ఆగుతుంది, ట్రాన్స్‌కోడింగ్ తాత్కాలిక ఫైళ్లు అక్కడే పోగుపడతాయి, ఎంత ఖాళీ ఉందో 'డీఎఫ్ -హెచ్' ఆదేశంతో చూడండి. ర్యామ్ మీద అనుమానం ఉంటే కొనేముందు మెమ్‌టెస్ట్ 86 ప్లస్‌ను రాత్రంతా నడపండి, ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ వైపు చూడాల్సిందే. చాలాసేపు వాడక మొదటిసారి పెట్టినప్పుడు ఐదారు సెకన్లు ఆలస్యమైతే డ్రైవ్ నిద్ర లేస్తోందంతే, అది జబ్బు కాదు. సర్వర్‌ను రౌటర్‌కు వైఫైతో కాకుండా లాన్ వైరుతోనే కలపండి.

నిజంగానే బిగుసుకుపోయి, చేయగలిగింది ఏమీ లేకపోతే వెంటనే పవర్ బటన్ నొక్కి పట్టకండి. ఉబుంటులో కీబోర్డ్ మీద ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ కలిపి పట్టుకుని, ఎస్, యూ, బీ అక్షరాలను ఒక్కొక్కటీ రెండు మూడు సెకన్ల ఎడంతో నొక్కండి. రాయవలసినది డిస్కుకు రాసి, డిస్కును చదవడానికే పరిమితం చేసి, రీబూట్ అవుతుంది. డ్రైవ్ మధ్యలో పడిపోయిన రోజున మౌంట్ తీసి, డిస్కులో ఫైళ్ల అమరికను సరిచూసే ఎఫ్‌ఎస్‌సీకే ఒకసారి నడపడం మరిచిపోకండి. నేను నడిపి, తర్వాత ఆడించి చూస్తే ఒక నాటకం ఫైలు చివరి పావుగంట పాడైనట్టు తేలింది. డీవీడీ బీరువాలో ఉంది కాబట్టి మళ్లీ ఎక్కించుకున్నాను. ఆ మరుసటి వారమే ఇంకో డ్రైవ్ కొని, నాటకాలన్నీ కాపీ చేసి చిత్తూరులో చెల్లెలి ఇంట్లో ఇచ్చి వచ్చాను.