ఐర్లండ్ పాతరాజుల వంశవృక్షం గీయాలంటే కింద నుంచి ఎక్కండి

ఐర్లండ్ రాజవంశావళులు చేతికందగానే చాలామంది పైనుంచి చదువుతారు. పైన ఉండేది నోవహు, ఆదాము. మఠాల్లోని పండితులు తమ రాజుల్ని బైబిలుకు ముడిపెట్టారు. మీరు మాత్రం చనిపోయిన ఏడాది తెలిసిన రాజుతో మొదలుపెట్టి ఒక్కో తరం పైకి వెళ్లండి.

ఎవరడిగినా నేను ముందు డొవ్నల్ ఊవ నేల్‌నే గీయమంటాను. ఆయన తారా రాజు, అంటే ఐర్లండ్ రాజులందరిలో పెద్దరాజుగా చెప్పుకునే పదవి. 980లో పోయాడు. తండ్రి మూర్‌హెర్తఖ్ 943లో పోయాడు. తాత నియాల్ గ్లూన్‌డువ్ 919లో డబ్లిన్ దగ్గర వైకింగుల చేతిలో చనిపోయాడు. పేరులో ‘మాక్’ ఉంటే కొడుకు, ‘ఊవ’ ఉంటే మనవడు. ఓనీల్ అనే ఇంటిపేరు ఈ నియాల్ నుంచి వచ్చిందే. ఐదో శతాబ్దంలో ఉన్నాడని చెప్పే ‘తొమ్మిది మంది బందీల నియాల్’ ఇంకా పైన ఉంటాడు. అక్కడిదాకా గీత చుక్కలుగానే గీయండి.

సంవత్సరాలతో జాగ్రత్త. ఏడాదివారీగా సంఘటనలు రాసిన అల్స్టర్ వార్షికాల రాతప్రతిలో 1013 దాకా అంకె ఒకటి తక్కువగా ఉంటుంది. 918 అని ఉంటే 919 అని రాసుకోవాలి.

డొవ్నల్ తర్వాత తారా రాజు మేల్ షెఖ్‌నల్ మాక్ డొవ్నల్. పేరు చూసి కొడుకనుకుంటారు, కాదు. ఈయన తండ్రి వేరే డొవ్నల్, మీద్ ప్రాంతపు క్లాన్ ఖొల్మాన్ శాఖవాడు. అక్కడ సింహాసనం పెద్దకొడుక్కే దక్కాలని లేదు. ఎనిమిదో శతాబ్దం నుంచి దాదాపు 1002 దాకా ఈ శాఖా, ఉత్తరాన ఉన్న డొవ్నల్ ఊవ నేల్ గారి కెనేల్ నోగన్ శాఖా (రెండూ పాత నియాల్ వంశానివే) వంతులవారీగా తారాను ఏలాయి. అందుకే రెండు శాఖల్నీ పక్కపక్క నిలువు వరుసల్లో గీసి, రాజ్యం చేతులు మారిన క్రమాన్ని వేరే రంగులో చూపండి.

తల్లుల్ని వదలొద్దు. మేల్ షెఖ్‌నల్ తల్లి దూన్‌లా, మూర్‌హెర్తఖ్ కూతురు. అంటే పాత రాజు కొత్త రాజుకు మేనమామ! తండ్రుల గీతలు మాత్రమే గీస్తే ఈ చుట్టరికం ఎప్పటికీ కనపడదు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

ఇక బ్రియన్ బోరు. 1002లో మేల్ షెఖ్‌నల్ నుంచి పెత్తనం లాక్కున్నాడు, 1014లో క్లోంటార్ఫ్ యుద్ధంలో చనిపోయాడు. ఆయన దాల్ గాష్ వంశం అంతకుముందు చిన్నది. బలం పెరిగాక వాళ్ల మూలపురుషుణ్ని దక్షిణ ఐర్లండ్‌లోని మన్‌స్టర్ పాత రాజవంశపు మూలపురుషుడికి తమ్ముణ్ని చేశారు. అలాంటి అతుకు దొరికితే చెరిపేయకండి. ఏ కాలంలో, ఎవరి ప్రయోజనానికి వేశారో పక్కనే రాసిపెట్టుకోండి.