సాసేజ్‌లో కొంత మాంసానికి బదులు పుట్నాల పిండి

ఖీమా ఉండలు నూనెలో విడిపోకుండా పుట్నాల పొడి కలపడం గుంటూరు, విజయవాడ వంటిళ్లకు కొత్త కాదు. కోడి సాసేజ్‌కూ అదే ఉపాయం పనిచేస్తుంది గాని, ఉండలకు సరిపోయే చేతి ఉజ్జాయింపు ఇక్కడ చాలదు.

తగ్గించిన మాంసమంత బరువుకు పొడి పిండి వేస్తే సాసేజ్ సుద్దలా రాలిపోతుంది. మాంసంలో నాలుగింట మూడు వంతులు నీరే కాబట్టి పిండినీ నీటినీ కలిపి లెక్కించాలి. కిలో మిశ్రమానికి ఎముక లేని తొడమాంసం 700 గ్రాములు, కోడి చర్మం 100, పుట్నాల పిండి 70, మంచునీరు 130 గ్రాములు తీసుకోవాలి. అంటే 200 గ్రాముల మాంసం తగ్గినట్టు. ఉప్పు 16 గ్రాములు చాలు. గుంటూరులో ఈ మాట అనడం సాహసమే గాని, తేజ మిరప కారం 5 గ్రాములు మించితే మాంసం రుచి తెలియదు.

మాంసం, చర్మం, మిక్సీ జారు అరగంట ఫ్రీజర్‌లో ఉండాలి. రుబ్బేటప్పుడు మిశ్రమం 12 డిగ్రీలు దాటితే కొవ్వు విడిపోయి ఉడికేటప్పుడు కారిపోతుంది; బెజవాడ ఎండాకాలంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. మొదట మాంసం, ఉప్పు, నీటిలో 30 గ్రాములకు సరిపడా మంచుముక్కలు మాత్రమే వేసి, జిగట వచ్చేదాకా ఆపి ఆపి తిప్పాలి. ఉప్పు వల్ల మాంసం నుంచి ఊరే మాంసకృత్తులే సాసేజ్‌ను పట్టి ఉంచుతాయి. పిండి ముందే పడితే నీటిని తానే పీల్చుకొని ఆ జిగటను సరిగా రానివ్వదు. ఆ తరువాత చర్మం, చివరగా మిగిలిన నీటిలో పావుగంట ఫ్రిజ్‌లో నానిన పిండి ముద్ద, కారం, అల్లం వెల్లుల్లి కలపాలి.

పుట్నాలు వేయించినవే కాబట్టి పచ్చివాసన ఉండదు. శనగపిండి వాడదలిస్తే సన్నని సెగపై కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, పూర్తిగా చల్లార్చాలి. డెల్టాలో వరి కోసిన మాగాణుల్లో పండే మినుముల పిండికి జిగట ఎక్కువ. దానిని కూడా వేయించి, పుట్నాల పిండితో సగం సగం కలపడం మేలు.

చుట్టేముందు చిన్న బిళ్ళను పెనంపై కాల్చి రుచి చూడాలి; పొడిగా ఉంటే ఒక చెంచా మంచునీరు కలపాలి. పేగు తొడుగు దొరకకపోతే, వాడ్చిన అరటాకులో బొటనవేలు లావున చుట్టి దారంతో కట్టి, ఇడ్లీ పాత్రలో సుమారు 20 నిమిషాలు ఆవిరిపై ఉడికించాలి. నడిమధ్యన వేడి 74 డిగ్రీలకు చేరాలి. త్వరగా చల్లార్చి, ఆకు విప్పకుండా మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే గట్టిపడతాయి. అప్పుడు కొద్ది నూనెలో కాల్చుకోవచ్చు. పిండిని 100 గ్రాములకు పెంచాలని అనిపించవచ్చు గాని, అప్పుడు తినేవారికి పకోడీయే గుర్తుకొస్తుంది.