అంతర్వేది దాకా ఏ కెమెరా మోసుకెళ్లాలి?

కెమెరా కొనేముందు దాన్ని ఎక్కడెక్కడ తిప్పుతారో ఆలోచించుకోండి. నర్సాపురంలో పంటు ఎక్కి, సఖినేటిపల్లి రేవులో దిగి, సాయంత్రానికి అంతర్వేది సముద్రం ఒడ్డుకు చేరే రకమైతే నా ఓటు చిన్న కాంపాక్ట్‌కే, అంటే లెన్స్ విప్పే పని లేని చిన్న కెమెరాకే.

అక్కడ ఉప్పుగాలి, సన్నటి ఇసుక. లెన్స్ మార్చడానికి విప్పిన ఆ పది సెకన్లలోనే ఒక రేణువు సెన్సార్ మీద, అంటే కెమెరా లోపల బొమ్మ పడే పలక మీద, వాలుతుంది. ఇక ఆకాశం ఉన్న ప్రతి ఫొటోలో అదే చోట బూడిదరంగు మచ్చ. ఆ బాధ నేను పడ్డాను. ఒక ట్రిప్పు ఫొటోలన్నీ కూర్చుని దిద్దుకోవాల్సి వచ్చింది.

కాంపాక్ట్‌లో ఒక అంగుళం సెన్సార్ ఉన్నదే తీసుకోండి. అంగుళం అన్నది పేరుకే, నిజానికి అది 13.2 x 8.8 మి.మీ. అయినా చవక కాంపాక్ట్‌ల్లో ఉండే 1/2.3 అంగుళం సెన్సార్‌కి వైశాల్యంలో దాదాపు నాలుగు రెట్లు. మునిమాపు వెలుగులో గోదావరి మీద పడవ తీస్తే తేడా తెలిసిపోతుంది.

కోరింగ మడ అడవుల్లో పిట్టల కోసమైతే మాట వేరు. అక్కడ లెన్స్ మార్చుకునే కెమెరాయే కావాలి. 400 ఎం.ఎం. దాకా అందే, దూరపు పిట్టను దగ్గరగా చూపే జూమ్ లెన్స్‌ను పడవ ఎక్కకముందే బిగించి, దిగేదాకా విప్పకండి.

ఏదైనా సరే, ఏసీ గదిలోంచి తెచ్చిన వెంటనే బయటికి తీయొద్దు. అరగంట బ్యాగులోనే ఉంచండి, లేకపోతే లెన్స్ మీద చెమ్మ పట్టేస్తుంది.