బురదలోంచే నడవండి: కిండర్ స్కౌట్ ఎక్కబోయే మనవాళ్లకి

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో రైలెక్కితే ముప్పావుగంటలో ఈడేల్ ఊరు. అక్కణ్ణుంచి జేకబ్స్ లాడర్ అనే రాతి మెట్లెక్కి కిండర్ స్కౌట్ కొండ మీదికి చేరొచ్చు. నాతో ఎవరు వస్తానన్నా ముందు వాళ్ల బూట్లు చూస్తాను. తెల్ల స్నీకర్లయితే పైకి తీసుకెళ్లను. జాలి వాళ్ల కాళ్ల మీద కాదు, ఆ నేల మీద.

636 మీటర్ల దాకా ఎత్తున్న ఆ కొండ పైనున్న మైదానంలో కాలి కింద ఉండేది పీట్. చచ్చిన నాచు, మొక్కలు తడిలో పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయిన నల్లటి పొర అది. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే మీటరు లోతుకి వెయ్యేళ్లు! పైన పచ్చదనం ఉన్నన్నాళ్లే దానికి రక్ష. అది పోయిందా, వానకి కోసుకుపోతుంది, ఎండితే గాలికి లేచిపోతుంది.

పచ్చదనం ఎలా పోతుందంటే, దారి మధ్యలో నీళ్ల గుంట ఉంటుంది. ముందు వెళ్లేవాడు బూటు తడవకూడదని పక్కన గడ్డి మీద అడుగేస్తాడు. వెనకవాళ్లూ అంతే. కొన్నాళ్లకి అక్కడా బురదే, తర్వాతవాళ్లు ఇంకాస్త పక్కకి. 1965లో మొదలైన పెనైన్ వే అనే దూరపు కాలిబాటలో, బ్లాక్ హిల్ అనే కొండ దగ్గర ఇలాగే దారి వెడల్పయిపోయింది. చివరికి కూల్చేసిన మిల్లుల రాతి పలకలు హెలికాప్టర్లలో తెచ్చి పరిచారు.

కాబట్టి గుంట మధ్యలోంచే నడవండి. నీళ్లు దూరని బూట్లు, సంచిలో అదనంగా ఒక జత మేజోళ్లు ఉంటే చాలు. ఒకరి వెనక ఒకరుగా వెళ్లండి, పక్కపక్కన నడుస్తూ కబుర్లు వద్దు (మనవాళ్లకి ఇదే కష్టం). రాతి పలకలున్నచోట వాటి మీంచి పక్కకి దిగొద్దు. ఫొటో కోసం పీట్ గట్ల మీదికెక్కి జారొద్దు. ఈ కొండ మీద నడిచే హక్కు కోసం 1932లో కొందరు జైలుకెళ్లారు. 2000 నాటి చట్టంతో ఇలాంటి చోట్ల దారి దిగి తిరిగే హక్కూ వచ్చింది. నేల ఎండి గట్టిగా ఉన్నచోట దాన్ని వాడుకోండి, తడిగా మెత్తగా ఉంటే వద్దు.

కుక్కని తెస్తే మార్చి 1 నుంచి జూలై 31 దాకా రెండు మీటర్లు మించని తాడుతోనే నడిపించాలి, అది చట్టం. గోల్డెన్ ప్లోవర్, కర్లూ లాంటి పక్షులు నేల మీదే గూళ్లు పెడతాయి. మీ చుట్టూ పిట్ట అరుస్తూ తిరుగుతోందంటే పిల్లలు దగ్గర్లోనే ఉన్నాయని. ఆగకుండా ముందుకెళ్లిపోండి.

బార్బెక్యూ మాత్రం అసలొద్దు. పీట్ అంటుకుంటే లోలోపల రగులుతూనే ఉంటుంది. 2018లో శాడిల్‌వర్త్ మూర్ అనే ఇలాంటి పీట్ నేలే తగలబడితే సైన్యం దిగాల్సొచ్చింది. పులిహోర, ఫ్లాస్కులో టీ చాలు. కమలా తొక్కలు కూడా తిరిగి సంచిలోకే. పైన టాయిలెట్లు లేవు, ఈడేల్‌లోనే పని కానిచ్చుకుని బయల్దేరండి.